లదాఖ్ చలిలో మా కరుణ పురుడు

తిరిగొచ్చి బడిలో అడుగుపెట్టిన రోజున స్టాఫ్ రూములో అందరిదీ ఒకటే ప్రశ్న. "అక్కడ ఎంత చలి ఉంటుంది టీచరుగారూ?"

నేను ప్రత్తిపాడులో సాంఘిక శాస్త్రం చెబుతాను. లదాఖ్ శీతల ఎడారి అనీ, చలికాలంలో అక్కడ నదులు గడ్డకడతాయనీ ఏటా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. డిగ్రీలు అడిగితే చెప్పగలను. కానీ వాళ్ళు అడిగింది డిగ్రీల గురించి కాదని నాకు తెలుసు. ఆ రోజు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక్కడ మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

కరుణ నా చెల్లెలు. అమ్మానాన్నలు పోయేనాటికి అది హైస్కూల్లో ఉంది. మా ఆయనా నేనూ పెంచాం. గుంటూరులో నర్సింగ్ చదివి ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో చేరింది. స్టాంజిన్ అనే లదాఖ్ అబ్బాయి వాళ్ళమ్మను వైద్యానికి అక్కడికి తీసుకొచ్చాడు. ఆ తల్లి కోలుకుని ఊరికి వెళ్ళేలోపు వీళ్ళిద్దరూ పెళ్ళి మాట అనుకున్నారు. నాలుగేళ్ళుగా కరుణ వాళ్ళ ఊళ్ళోనే ఉంది. అక్కడి చిన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు. స్టాంజిన్ పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాడు, మేకలకూ గొర్రెలకూ సూదిమందులు వేస్తాడు.

మొదటి పురుడు పుట్టింట్లో పోయడం మన వాడుక. కానీ కరుణకు రక్తపోటు కాస్త ఎక్కువగా ఉంది, దూరప్రయాణం వద్దన్నారు డాక్టర్లు. అది రాలేనప్పుడు పుట్టిల్లే దాని దగ్గరికి వెళ్ళాలి కదా. క్రిస్మస్ ఆరాధన అయిన మర్నాడు నేను బయలుదేరాను.

మా ఆయన గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఆపరేటరు. "చలి అలవాటు కావాలంటే మా గోదాములో ఒక గంట కూర్చునిరా" అన్నాడు నవ్వుతూ. నిజంగానే వెళ్ళి మిర్చి బస్తాల మధ్య కూర్చున్నాను. చలి కంటే ఘాటు ఎక్కువైంది. తుమ్మి తుమ్మి బయటికొచ్చాను. ఇంతేకదా అనుకున్నాను.

లేహ్

ఢిల్లీలో తెల్లవారుజామున విమానం ఎక్కాను. పక్క సీట్లో ఒక జవాను. సెలవు ముగించుకుని డ్యూటీకి వెళ్తున్నాడట. బిహార్ వాడు. నేను పురుడు పోయడానికి వెళ్తున్నానని చెబితే నా వైపు కాసేపు చూసి, "చలికాలంలోనా దీదీ?" అన్నాడు. కిటికీలోంచి చూస్తే కింద తెల్లటి కొండలు తప్ప ఏమీ లేవు. ఒక్క ఇల్లు లేదు, ఒక్క చెట్టు లేదు. ఆ కొండల మధ్యలో ఎక్కడో నా చెల్లెలు నిండు నెలలతో ఉంది.

విమానం తలుపు తెరవగానే ముక్కులోపల ఏదో చిటపటలాడింది. ముక్కులో తడి గడ్డకట్టింది. ఊపిరి పీలిస్తే సూదులు గుచ్చినట్టు దగ్గు వచ్చింది. పొద్దున్నే ఎండ మిలమిల మెరిసిపోతోంది, కానీ ఆ ఎండలో వేడి లేదు. మనకు ఎండంటే భయం. మేలో వడగాలి తగిలి చనిపోయిన వాళ్ళను ప్రతి ఏడూ చూస్తాం. ఎండ ఉండి కూడా మనిషి గడ్డకట్టే చోటు ఒకటుందని నాకు ఒంటితో తెలిసింది అప్పుడే.

స్టాంజిన్ వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు, ఎండకీ చలికీ కమిలిన బుగ్గలు. "జూలే వదినా, బాగున్నారా?" అన్నాడు. వాళ్ళ పలకరింపు, మన వరస కలిపి. కరుణ నేర్పిన తెలుగు. మా ప్రత్తిపాడు యాసే.

ఎత్తు ప్రదేశం కాబట్టి ఒంటికి అలవాటయ్యేదాకా లేహ్‌లో ఆగాలన్నాడు. వాళ్ళ చుట్టాలింట్లో దిగాం. బజారులో సగం కొట్లు మూసే ఉన్నాయి. కూరగాయల దుకాణంలో కాలీఫ్లవర్లను కంబళ్ళు కప్పి పడుకోబెట్టారు, పసిపిల్లల్లాగా. టమాటా ధర అడిగి నోరు తెరిచాను. మన దగ్గర రోడ్డు మీద పారబోసే రోజులు గుర్తొచ్చాయి. కుళాయిల్లో నీళ్ళు రావు. గొట్టాలు పగిలిపోతాయని చలికాలం ముందే ఖాళీ చేస్తారట. వంటింట్లో డ్రమ్ము మీద గడ్డను కత్తితో పొడిచి నీళ్ళు ముంచుకుంటారు. మరుగుదొడ్డిలో నీళ్ళుండవు. మట్టీ బూడిదా చల్లి రావడమే.

ఎత్తుకు పట్టుకున్న తలనొప్పి రెండో రోజు తగ్గింది కదా అని వేడినీళ్ళు అడిగి తలస్నానం చేశాను. జుట్టు తుడుచుకుని, ఎండగా ఉందని మేడమీదికి వెళ్ళాను. కాసేపటికి ఏదో గలగలమంది. నా జడే. పాయలు పాయలుగా గట్టిపడి తీగల్లా నిలబడ్డాయి. కంగారుగా పట్టుకుంటే ఒక పాయ కొస పుటుక్కున విరిగి చేతిలోకొచ్చింది. ఇంటావిడ పరుగెత్తుకొచ్చి నన్ను లోపలికి లాగి, పొయ్యి ముందు కూర్చోబెట్టింది. ఆవిడకు కోపం వచ్చింది. "ఇది ఆటలాడే చలి కాదు" అంది హిందీలో. ఆవిడ అక్క పోయిన చలికాలం పొరుగూరి నుంచి నడిచివస్తూ మంచులో కూర్చుని లేవలేదట. "నిద్రొచ్చినట్టుంటుంది. బాధ ఉండదు. అందుకే భయం" అంది.

ఆ మాట నాతోపాటే ప్రయాణం చేసింది.

చుమతాంగ్

లేహ్ నుంచి తూర్పుకు, సింధు నది వెంటే పైకి వెళ్ళాలి. స్టాంజిన్ దగ్గర పాత జీపు ఉంది. దారి పొడుగునా ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. లోయ అడుగున నది. అంచులంతా తెల్లగా గడ్డకట్టి, మధ్యలో మాత్రం సన్నగా నల్లటి పాయ పారుతోంది. కొన్నిచోట్ల అదీ లేదు. ఉన్నట్టుండి డామ్మని తుపాకీ పేలినట్టు చప్పుడైంది. నేను స్టాంజిన్ చెయ్యి పట్టుకున్నాను.

"మంచు పగిలింది వదినా. రోజూ పగులుద్ది" అన్నాడు.

కొంత దూరం పోయాక ఫోనులో సిగ్నల్ పోయింది. ఎదురుగా ఒక్క బండి రాలేదు. ఇక్కడ ఈ బండి ఆగిపోతే ఏం చేస్తారని అడిగాను. "ఆగకూడదు" అన్నాడతను.

మధ్యాహ్నానికి చుమతాంగ్ చేరాం. అక్కడ నది ఒడ్డునే నేలలోంచి వేడినీళ్ళు ఉబికి వస్తాయి. గడ్డకట్టిన నది పక్కన ఆవిరి పైకి లేస్తుంటే నమ్మశక్యం కాలేదు. ఒడ్డునున్న ఇంట్లో డోల్మా అనే ఆమె ప్రయాణికులకు భోజనం పెడుతుంది. అరవై ఏళ్ళుంటాయి. ఆ ఇంట్లో ఒక గది నేల కిందనుంచి ఊటనీళ్ళ గొట్టాలు పోతాయి. చెప్పులు విప్పి అడుగుపెట్టగానే అరికాళ్ళకు వెచ్చదనం తగిలింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

డోల్మా ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీ పోసింది. మొదటి గుక్క మింగలేకపోయాను. రెండో కప్పు అడిగి తాగాను. పిండిముద్దలూ ముల్లంగీ ఎండుమాంసమూ వేసి ఉడికించిన పులుసు పెట్టింది. నేను సంచిలోంచి కారప్పొడి డబ్బా తీసి కాస్త చల్లుకుంటే, తనకూ వెయ్యమని గిన్నె చాపింది. తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం వేయించుకుంది. పురిటికి వెళ్తున్నానని స్టాంజిన్ చెప్పగానే నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అంది. "లేహ్‌కి త్వరగా తీసుకుపో అంటంది. మంచు వస్తదంట" అని చెప్పాడతను.

కరుణ ఊరు

ఊరంటే ఇరవై, ముప్పై ఇళ్ళు. మట్టి గోడలు, చదును కప్పులు, కప్పుల మీద పశువుల మేత. కరుణ గుమ్మంలో నిలబడి ఉంది. పొడుగాటి ఉన్ని అంగీ, తలకు శాలువా. పొట్ట చూసుకుని నడుస్తూ వచ్చి నా మెడ మీద తల పెట్టింది. ఆ ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగిలి, మరుక్షణం చల్లబడింది.

"ఏందక్కా అట్టా సన్నబడ్డావు?" అంది.

"నీ సంగతి చెప్పవే ముందు" అన్నాను.

స్కానులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని చెప్పారట. ఆ మాట ఫోనులో నాకు చెప్పలేదు. "చెప్తే నువ్వు అక్కడ అన్నం తినవని చెప్పలా. ఇంకా మూడు వారాలుంది. వచ్చే సోమవారం మనం లేహ్‌కి దిగిపోదాం. ఆపరేషన్ చేస్తారు. భయపడబాక."

స్టాంజిన్ తల్లిని అందరూ ఆమలె అంటారు. అమ్మకు 'గారు' తగిలించినట్టు. నేనూ అలాగే పిలిచాను. ముడతలు పడిన ముఖం, మాట తక్కువ. ఇంట్లో అందరూ ఒకే గదిలో, పొయ్యి చుట్టూ ఉంటారు. ఎండిన పేడే వంటచెరకు. ఆ గది దాటితే ఇల్లంతా బయటితో సమానం. నేను తెచ్చిన గోంగూర పచ్చడి రాయి అయిపోయింది. కొబ్బరినూనె సీసాను తట్టితే గాజు మోగింది. మన ఊళ్ళో డిసెంబరులో కొబ్బరినూనె పేరుకుంటే అబ్బో చలి అంటాం! బాలింత కాయం డబ్బాను పొయ్యి పక్కన పెట్టుకుని కాపలా కాశాను.

గుడ్డు కొట్టబోతే లోపల గట్టిగా ఉంది. మరిగే నీళ్ళు బయటికి విసిరితే నేలమీద పడేలోపు రవ్వలైపోతున్నాయి. ఇవి చూసి మొదటిరోజు వింతపడ్డాను. మూడో రోజుకు వింత పోయి భయం మిగిలింది. ఒక పూట పొయ్యి ఆరితే ఈ గది ఏమవుతుంది? ఈ గదిలోకి ఒక పసిబిడ్డ వస్తే? కరుణను అడిగాను, ఇక్కడ పుట్టిన పిల్లలు ఎట్టా బతుకుతారే అని. అది ఇంకో పిడక పొయ్యిలోకి తోసింది.

"అందరూ బతకరక్కా" అంది.

శుక్రవారం మంచు మొదలైంది. ఆదివారం దాకా ఆగలేదు. గురువారమే ఇంకో రోగిని తీసుకుని లేహ్‌కి పోయిన అంబులెన్సు అక్కడే చిక్కుకుంది. డాక్టరు సెలవులో ఉన్నారు. సోమవారం దారి తెరుస్తారని కబురు వచ్చింది. సంచి సర్దుకున్నాం.

సోమవారం పొద్దున కరుణ టీ గ్లాసు పట్టుకుని లేవబోయి అలాగే నిలబడిపోయింది. కాళ్ళ మధ్యనుంచి నీళ్ళు జారాయి.

"అక్కా," అంది చాలా నెమ్మదిగా, "ఉమ్మనీరు పోయింది."

తిరుగు దారి

ఆ తర్వాత కరుణ నా చెల్లెలిలా మాట్లాడలేదు, నర్సులా మాట్లాడింది. ఆరోగ్య కేంద్రం నుంచి కాన్పు సంచి తెప్పించింది. అందులో ఏమున్నాయో నాకు ఒక్కొక్కటీ చూపించింది. నేను తల ఊపుతున్నానే గానీ చెవుల్లో ఏదో హోరు.

బయట జీపు స్టార్టు కావడం లేదు. డీజిలు చిక్కబడిపోయిందట. ఆమలె పొయ్యిలోని నిప్పులన్నీ రేకు పళ్ళెంలోకి లాగి, తీసుకెళ్ళి ఇంజను కిందికి తోసింది. డీజిలు బండి కింద నిప్పు! నేను కెవ్వుమన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. కాసేపటికి ఇంజను దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గి అందుకుంది.

కరుణను వెనక సీట్లో దుప్పట్ల మధ్య పడుకోబెట్టి, తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఆమలె తన మెడలోని పూసల దండ తీసి కరుణ గుప్పిట్లో పెట్టింది. నేను ప్రార్థన చేస్తున్నాను. ముందు సీట్లో స్టాంజిన్ పెదవులూ కదులుతున్నాయి. ఎవరి మాటలు వాళ్ళవి, అడిగేది ఒకటే.

గాలికి మంచు రోడ్డు మీదికి పొగలా కొట్టుకొస్తోంది. దారికీ లోయకీ తేడా తెలియడం లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా కరుణ నా మణికట్టు పట్టుకుని నలిపేస్తోంది. సగం దారిలో ఇంజను చప్పుడు మారింది. జీపు రెండుసార్లు ఎగిరెగిరి పడి, నిలబడిపోయింది.

ఆ నిశ్శబ్దం నేను జన్మలో మరిచిపోలేను. హీటరు ఆగిపోయింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీ అద్దాల లోపలివైపు మా ఊపిరి తెల్లటి ఆకుల్లా పేరుకుంటూ వచ్చింది.

"ఫిల్టర్ పట్టేసింది" అని స్టాంజిన్ దిగాడు. ముందు బానెట్టు లేచింది. అద్దంలోంచి అతను కనిపించలేదు. ఇనుము మీద ఇనుము తగిలే చప్పుడు మాత్రం వినిపిస్తోంది. నా కాలివేళ్ళు ముందు మండాయి. తర్వాత మొద్దుబారాయి. తర్వాత అవి ఉన్నట్టే తెలియలేదు. కరుణ బుగ్గలు తడిమాను. రాతిని తాకినట్టుంది.

"నిద్రొస్తందక్కా" అంది.

లేహ్ ఇంటావిడ మాట గుండెల్లో కత్తిలా దిగింది. దాని చెంప మీద కొట్టాను. జీవితంలో మొదటిసారి కొట్టాను దాన్ని. "నిద్రపోతే చంపేస్తా! మాట్లాడు! ఏదో ఒకటి మాట్లాడు!"

"ఏం మాట్లాడను?"

"మన ఊరు చెప్పు. మిరప కల్లాలు చెప్పు."

కళ్ళు మూసుకునే చెప్పింది. ఎర్రగా పరిచిన కాయలు, కల్లం మీద కాళ్ళు కాలడం, నాన్న తలకు కట్టుకున్న తువ్వాలు. నొప్పి వచ్చి మాట తెగేది. పోయాక మళ్ళీ అందుకునేది. నేను నా అంగీ విప్పి దాని పొట్ట మీద కప్పి, పైన నేను వంగి పడుకున్నాను. ప్రభువా, ఇద్దరినీ కాదంటే ఒక్కరినైనా అని అనబోయి నాలుక కరుచుకున్నాను. అట్లా అడగకూడదనిపించింది.

ఇంజను పలికింది. స్టాంజిన్ ఎక్కి కూర్చున్నాడు. ఒళ్ళంతా డీజిలు వాసన. చేతులు చంకల్లో దోపుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తర్వాత బండి కదిలించాడు. అప్పుడు అతని చేతుల వైపు నేను చూడలేదు. చూసే స్థితిలో లేను.

చుమతాంగ్ దాటీ దాటగానే రోడ్డు లేదు. కొండ మీది మంచు జారి దారికి అడ్డంగా గుట్టలా పడింది. అవతల ఏముందో కనిపించడం లేదు. కరుణ మోచేతుల మీద లేచి చూసింది.

"ఇంక లేహ్ లేదక్కా," అంది. "బిడ్డ దిగుతంది. వెనక్కి తిప్పి డోల్మా ఇంటికి పోనివ్వమను."

వెచ్చటి గది

డోల్మా ఏమీ అడగలేదు. ఆ నేల వెచ్చటి గదిలో పరుపులు పరిచింది. భార్య ముఖం ఒకసారి చూసి, స్టాంజిన్ రోడ్డు పనివాళ్ళ శిబిరం దాకా నడిచిపోయి మంచు తీసే యంత్రాన్ని తెస్తానని వెళ్ళాడు. మిగిలింది మేము ముగ్గురం ఆడవాళ్ళం.

కరుణ మోకాళ్ళ మీద కూర్చుని, డోల్మా భుజాలు పట్టుకుని ముందుకు వంగింది. నన్ను వెనక కూర్చోమంది. చేతులు ఎట్లా కడుక్కోవాలో, గ్లవుజులు ఎట్లా తొడుక్కోవాలో చెప్పింది. తొడుక్కునే కంగారులో ఒక గ్లవుజు చినిగిపోయింది.

"నా వల్ల కాదే. నేను టీచర్నే. నాకేం తెలుసు?"

"నేను చెప్పింది చేయి, చాలు. కాళ్ళు ముందొచ్చినా, పిర్రలు ముందొచ్చినా లాగకు. నేను అరిచినా లాగకు. బిడ్డ బరువుకు బిడ్డే దిగుద్ది. లాగితే తల ఇరుక్కుంటది. అర్థమైందా?"

"అర్థమైంది."

"మళ్ళీ చెప్పు."

"లాగను."

పిర్రలు కనిపించాయి. తర్వాత మడిచిపెట్టుకున్న కాళ్ళు ఒకటొకటిగా జారాయి. ఆడపిల్ల. నడుము దాకా వచ్చింది, బొడ్డు వచ్చింది. ఊదారంగులో వేలాడుతున్న ఆ చిన్న ఒంటిని పట్టుకుని లాగేయాలని నా చేతులు ఎంత తహతహలాడాయో చెప్పలేను. రెండు చేతులూ నా తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఒక చెయ్యి దిగింది. రెండోదీ దిగింది. తల మాత్రం రాలేదు.

కరుణ అరుపు ఆగిపోయింది. అలిసిపోయి డోల్మా మీద వాలిపోయింది. బిడ్డ కదలడం లేదు.

"కరుణా, రాలేదే! తల రాలేదు!"

"వెనక మెడ... మెడ కనపడతందా?"

"కనపడతంది."

"ఇప్పుడు కింద చెయ్యి పెట్టు. పట్టుకోబాక, ఊరికే ఆనించు. నేను ముక్కుతా."

డోల్మా దాని చెవిలో వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంది. ఏ భాషైనా ఆ మాటకు అర్థం ఒకటేననుకుంటాను. కరుణ పళ్ళు బిగించింది. నా అరచేతిలోకి తల జారి పడింది.

బిడ్డ ఏడవలేదు. నీలంగా, మెత్తగా, బట్టలా ఉంది.

"తుడువు! గట్టిగా! వీపు రుద్దు!" కరుణ వెనక్కి తిరిగింది. నేను రుద్దుతూనే ఉన్నాను. ఏమీ లేదు. అది బిడ్డను నా చేతుల్లోంచి తీసుకుని, వెచ్చటి నేల మీద పడుకోబెట్టి, నోటినీ ముక్కునూ తన నోటితో కప్పి, చిన్నగా ఊదింది. బుగ్గల్లో ఉన్న గాలి మాత్రమే. మళ్ళీ ఊదింది. మళ్ళీ. తన కూతురి మీద వంగిన ఆ మనిషి ముఖంలో ఏడుపు లేదు, భయం లేదు. ఆ రెండూ నాకే వదిలేసింది.

పిల్లికూనలాంటి చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. పాదాల మీద గులాబీ రంగు నెమ్మదిగా పాకింది.

అప్పుడు ఏడ్చింది కరుణ. బిడ్డను రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి పెట్టుకుని, పైన ఉన్ని అంగీ కప్పుకుని ఏడ్చింది. డోల్మా నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి మీద నీళ్ళు పెట్టింది.

మాయ పడ్డాక కరుణ చెప్పినట్టే బొడ్డుతాడు కట్టి కోశాను. సాయంత్రానికి స్టాంజిన్ వచ్చాడు. కనుబొమల మీద మంచు. పొద్దున్నే యంత్రం వస్తుందన్నాడు. కరుణ నవ్వి, అంగీ తెరిచి చూపించింది. నేను బిడ్డను దుప్పటిలో చుట్టి అతని చేతుల్లో పెట్టాను. పెట్టి వదలబోతే బిడ్డ జారింది. చటుక్కున పట్టుకున్నాను.

"వదినా," అన్నాడు. "పాప నా చేతికి తెలవడం లేదు."

చేతులు చూశాను. కుడిచేతి వేళ్ళు కొవ్వొత్తుల్లా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. ఫిల్టరు తీసేటప్పుడు గ్లవుజులు అడ్డమని విప్పేశాడట. ఆ చలిలో డీజిలు వేళ్ళ మీద పడింది. ఆ చేతులతోనే బండి నడిపాడు, ఆ చేతులతోనే శిబిరం దాకా నడిచి వెళ్ళొచ్చాడు. ఒక్కమాట అనలేదు.

నేను ఆ వేళ్ళను పట్టుకుని రుద్దబోయాను.

"రుద్దబాక!" పక్క మీదినుంచి కరుణ అరిచింది. "పొయ్యి దగ్గర పెట్టొద్దు! గోరువెచ్చటి నీళ్ళు. నీ మోచేయి పెట్టి చూడు, పసిపిల్లకు పోసే నీళ్ళలాగుండాలి."

ఊటనీళ్ళలో చల్లనీళ్ళు కలిపి, మోచేయి ముంచి చూసి, అతని చేతిని అందులో పెట్టాను. మొదట ఏమీ కాలేదు. తర్వాత స్పర్శ రావడం మొదలైంది. అంతదాకా పెదవి కదపని మనిషి గోడకు తల ఆనించి గొడ్డులా అరిచాడు. ఒక పక్క బిడ్డ ఏడుపు, ఒక పక్క తండ్రి అరుపు. మధ్యలో కరుణ, ఎవరి దగ్గరికీ లేవలేక, ఇద్దరినీ చూస్తూ.

మళ్ళీ లేహ్

మర్నాడు దారి తెరిచారు. శిబిరం వాళ్ళ బండిలోనే లేహ్ ఆసుపత్రికి చేరాం. తల్లీ బిడ్డా బాగానే ఉన్నారన్నారు. స్టాంజిన్ చేతికి కట్టు కట్టి, ఏ వేలు నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. కొన్ని వారాలు చూడాలట. వెంట తెచ్చిన కాయం కరుణకు తినిపించాను. పాపకు మా అమ్మ పేరే, శాంతమ్మ అని కరుణ పెట్టుకుంది. ఆమలె ఫోనులో ఇంకో పేరు చెప్పింది. రెండూ ఉంటాయి.

నా సెలవు అయిపోయింది. విమానాశ్రయానికి బయలుదేరేముందు కరుణను బతిమాలాను, ఎండాకాలం దాకా లేహ్‌లోనే ఉండమని.

"ఆమలె ఒక్కతే ఉందక్కా. ఊళ్ళో ఇంకో ముగ్గురు కడుపుతో ఉన్నారు. డాక్టరు చూసి సరే అన్నాకే పోతాంలే" అంది.

నేను వచ్చేసరికి మా ఊళ్ళో పత్తి ఆఖరి తీత జరుగుతోంది, కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. కొన్ని వారాల తర్వాత కరుణ ఫోను చేసింది. స్టాంజిన్‌కు కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తీసేశారు. సూది పట్టుకోవడం మళ్ళీ నేర్చుకుంటున్నాడట. "రేపు ఊరికి బయలుదేరతన్నాం" అంది. ఆ పక్కన పాప ఏదో శబ్దం చేసింది.

మర్నాడు బడికి వెళ్ళాను. పాఠం చెప్పాను. ఏం చెప్పానో తెలియదు. ఆ లోయలో సిగ్నల్ ఉండదని తెలిసీ ఫోను చేతిలోంచి వదల్లేదు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టారు. పిల్లలు తిన్నారు, ఆడారు, మళ్ళీ తరగతుల్లోకి పోయారు. మా ఆయన కోల్డ్ స్టోరేజీ నుంచి ఫోను చేసి "ఏమన్నా తెలిసిందా?" అంటే, లైను ఖాళీగా ఉంచమని కసిరి పెట్టేశాను.

బడి వదిలాక కూడా ఇంటికి వెళ్ళలేదు. వరండా మెట్ల మీద, ఎండ పడేచోట కూర్చున్నాను. అప్పుడు మెసేజి వచ్చింది.

"చేరాం అక్కా. దారంతా పాప నిద్రపోయింది. నేను మాత్రం గంటకోసారి లేపి చూశా."

ఆ మెట్లు మధ్యాహ్నం ఎండకు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. జవాబు రాద్దామని చూస్తే నా వేళ్ళు ఫోను మీద నిలవలేదు. వాటిని చంకల్లో దోపుకుని, వణుకు తగ్గేదాకా అలాగే కూర్చున్నాను.